డ్రాయింగ్ పీరియడ్: ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

బడిలో బొమ్మలు నేర్పేవాళ్ళు, లెక్కలో సోషలో చెబుతూ డ్రాయింగ్ పీరియడ్ కూడా నెత్తిన పడ్డవాళ్ళు, ఇంట్లో గోడలు కాపాడుకోలేక అవస్థ పడే అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలివి. జవాబులు మన రెండు తెలుగు రాష్ట్రాల మామూలు బళ్ళను మనసులో పెట్టుకుని రాసినవి. తరగతికి నలభై మంది ఉంటారు, ఆర్ట్ రూమ్ ఉండదు, కుళాయి వరండా చివర ఎక్కడో ఉంటుంది.

డ్రాయింగ్ నిజంగా సబ్జెక్టేనా? టైంటేబుల్లో ఉంటుంది గానీ జరగదు కదా?

సబ్జెక్టే. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే ఆర్ట్ నేర్పడానికి పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే రాసి ఉంది. 2020 జాతీయ విద్యా విధానం, దాని వెంట 2023లో వచ్చిన పాఠశాల విద్యా ప్రణాళిక చట్రం కళను 'అదనపు' జాబితాలోంచి తీసి మిగతా సబ్జెక్టుల పక్కన కూర్చోబెట్టాయి. 2024లో ఎన్‌సీఈఆర్‌టీ మూడు, ఆరు తరగతులకు ఆర్ట్ పాఠ్యపుస్తకాలే తెచ్చింది.

కాగితం మీద ఇంత ఉన్నా, సిలబస్ వెనకబడిందంటే ముందు ఎగిరిపోయేది డ్రాయింగ్ పీరియడే. హెడ్మాస్టరు గారితో గొడవపడే కంటే ఒకటి అడిగి చూడండి: వారానికో పీరియడ్ బదులు, రెండు వారాలకోసారి రెండు పీరియడ్లు కలిపి ఇమ్మనండి. నలభై నిమిషాల్లో రంగులు పంచి, నీళ్ళు తెచ్చి, బ్రష్షులు కడిగేసరికి బెల్ కొట్టేస్తారు. జంట పీరియడ్‌ను పక్క సబ్జెక్టువాళ్ళు లాక్కోవడం కూడా కొంచెం కష్టం.

ఏ వయసులో ఏం నేర్పాలి? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో కుదరదు. కొత్త విధానం బడి చదువును నాలుగు మజిలీలు చేసింది: 3–8 ఏళ్ళు, 8–11, 11–14, 14–18. బొమ్మల విషయంలో ఈ విభజన బాగానే కుదురుతుంది. మొదటి మజిలీలో చేతికి వస్తువులిచ్చి పక్కకు తప్పుకోవాలి. రెండోదానిలో చూడటం అలవాటు చేయాలి. మూడోదానిలో పద్ధతులు నేర్పాలి. నాలుగోదానిలో వాళ్ళ పని వాళ్ళనే ఎంచుకోనివ్వాలి.

మన బళ్ళలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఐదేళ్ళ పిల్లకు మామిడిపండు గీత దాటకుండా రంగు వేయడం నేర్పుతాం. పన్నెండేళ్ళకు ఆ పిల్లే 'ముక్కు ఎలా వేయాలి సార్' అని బతిమాలుతుంటే అప్పటికి డ్రాయింగ్ పీరియడే ఉండదు. కింద రాసిందంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలు గీతలు గీకి పారేస్తుంటారు. దానిలో నేర్పేదేముంది?

ఆ గీకుడే పాఠం. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1940ల్లో పిల్లల బొమ్మల ఎదుగుదలను దశలుగా విడదీసి చూపించాడు. మొదటి దశ ఈ పిచ్చిగీతలదే. గీతలు మెల్లగా సుడులవుతాయి, సుడి ఒకచోట కలిసి సున్నా అవుతుంది, సున్నాకు రెండు కళ్ళు, కిందనే రెండు కాళ్ళు మొలుస్తాయి. పొట్ట ఉండదు. చేతులుంటే తలలోంచే వస్తాయి. ఆ మనిషికి మనం పొట్ట గీసివ్వకూడదు. కొంతకాలానికి దానంతటదే వస్తుంది.

ఈ వయసు చెయ్యి భుజం నుంచి కదులుతుంది. చిన్న నోట్‌బుక్కు, సన్నపెన్సిలూ ఇస్తే వేళ్ళు బిగుసుకుపోతాయి. పాత క్యాలెండర్ వెనకవైపు, నేల మీద సుద్దముక్క, తడి ఇసుకలో పుల్ల, లావుపాటి క్రేయాన్ ఇవ్వండి. మట్టి మాత్రం తప్పకుండా ఉండాలి. వినాయకచవితికి తెచ్చిన చెరువు మట్టి మిగిలితే తడిగుడ్డ చుట్టి, పాలిథిన్ కవర్లో గట్టిగా కట్టి ఉంచండి, చాలారోజులు పనికొస్తుంది.

పిల్లాడు వేసింది ఏంటో అర్థం కాదు. 'ఇదేంట్రా' అని అడగొచ్చా?

అడగకండి. 'దీని కథ చెప్పు' అనండి. చెప్పింది కాగితం వెనక తేదీతో సహా రాసిపెట్టండి. బొమ్మ మీద మాత్రం రాయొద్దు.

కలరింగ్ పుస్తకాలు కొనొచ్చా?

రైల్లో పిల్లల్ని కూర్చోబెట్టడానికి బాగా పనికొస్తాయి. డ్రాయింగ్ పాఠంగా పనికిరావు. గీత ఇంకెవరో గీసేశాక పిల్లలకు మిగిలేది నింపడమే.

మూడు నుంచి ఐదో తరగతి దాకా ఏ బొమ్మ వేయమన్నా రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, గుడిసె, కొబ్బరిచెట్టు. దీంట్లోంచి ఎలా బయటపడేయాలి?

ఇంటి నుంచి కొండ కనిపించని కోనసీమ పిల్లలూ ఇదే వేస్తారు, కొబ్బరిచెట్టు లేని ఊళ్ళ పిల్లలూ ఇదే వేస్తారు. ఎందుకంటే ఇది చూసి వేసింది కాదు. అక్క నోట్సులోంచి తమ్ముడి నోట్సులోకి, బోర్డు మీంచి కాగితం మీదికి దింపుకుంటూ వచ్చింది. తిట్టి మాన్పించలేం. మనం 'సీనరీ వేయండి' అనడం మానేస్తే సగం పోతుంది.

'చెట్టు వెయ్యి' అనకుండా 'మన గేటు పక్క వేపచెట్టు ఎక్కడ చీలిందో చూసొచ్చి వెయ్యి' అనండి. అందరినీ బయటికి తీసుకెళ్ళి ఐదు నిమిషాలు చేతిలో పెన్సిల్ లేకుండా నిలబెట్టండి. మొదలును కౌగిలించుకుని ఎంత లావుందో చూడమనండి. బెరడు మీద కాగితం ఆనించి క్రేయాన్‌ను అడ్డంగా రుద్దితే ఆ గరుకంతా కాగితం మీదికి వస్తుంది. లోపలికొచ్చి వేసిన బొమ్మల్లో ఆకులు ఇంకా పచ్చటి ముద్దలుగానే ఉండొచ్చు, కానీ మొదలు మాత్రం ఎవరిది వాళ్ళదే. ఒకరి చెట్టుకు తొర్ర ఉంటుంది, ఇంకొకరి చెట్టుకు ఎవరో కొట్టిన మేకు ఉంటుంది. మరో వారం చింతచెట్టు. వేపాకు అంచుకు పళ్ళుంటాయి, చింతాకుకు ఉండవు. ఈ తేడా పట్టుకున్న పిల్లలు ఇక 'ఆకు' అని ఒకే ఆకు వేయరు.

విషయాలు ఇచ్చేటప్పుడు కూడా అంతే. 'వానలో బడి వదిలినప్పుడు గేటు దగ్గర', 'కరెంటు పోయిన రాత్రి మా ఇల్లు', 'సంతలో చేపలమ్మే చోటు', 'నాయనమ్మ కూర్చునే మూల'. వీటికి దింపుకోవడానికి ఎక్కడా బొమ్మ దొరకదు.

ఈ వయసులో ఆకాశం పైన నీలం పట్టీగా, నేల కింద ఆకుపచ్చ పట్టీగా ఉండి మధ్యలో ఏమీ ఉండదు. ఇంటి గోడలోంచి లోపలి మంచం కూడా కనిపిస్తుంది. దిద్దకండి. పిల్లలు తమకు తెలిసిందంతా వేస్తున్నారు. కంటికి కనిపించింది కనిపించినట్టు వేయాలన్న తపన తొమ్మిది పదేళ్ళకు మొదలవుతుంది.

రంగులు ఎన్ని కొనాలి? సెట్లు చాలా ఖరీదు.

సెట్టు కొనొద్దు. పోస్టర్ రంగులు పెద్ద సీసాలు నాలుగు చాలు: లెమన్ ఎల్లో, క్రిమ్సన్, అల్ట్రామెరీన్ నీలం, తెలుపు. ఎరుపుకు వెర్మిలియన్ తీసుకుంటే నీలంతో కలిపినప్పుడు ఊదా రాదు, బురద వస్తుంది. నలుపు అసలు కొనకండి, ఉంటే అన్నిటికీ దాన్నే కలుపుతారు. ప్యాలెట్ బదులు పాత గుడ్ల అట్టలు, కొబ్బరిచిప్పలు వాడొచ్చు. నలుగురికి రెండు డబ్బాల నీళ్ళు పెట్టండి, ఒకటి కడగడానికి, ఒకటి కలపడానికి.

నాలుగో తరగతికి నాకు బాగా నచ్చిన పాఠం ఇది. తలా ఒక ఆకు ఏరుకొస్తారు. పసుపు, నీలం, ఒక్క చుక్క ఎరుపు కలిపి సరిగ్గా ఆ ఆకు రంగే తయారుచేయాలి. కుదిరిందో లేదో చూడటానికి ఆ రంగు చుక్కను ఆకు మీదే పెట్టాలి. చుక్క కనిపించకుండా పోతే గెలిచినట్టు. కరివేపాకు తెచ్చినవాళ్ళు తంటాలు పడతారు, లేత మామిడాకు తెచ్చినవాళ్ళకు అసలు ఆకుపచ్చే అక్కర్లేదని తెలుస్తుంది.

రంగులకు డబ్బే లేదంటే వంటింట్లో ఉన్నాయి. పసుపు నీళ్ళలో కలిపి కాగితానికి పూయండి. ఆరాక తాంబూలం సున్నం తేటతో దూదిపుల్లతో గీయండి, గీసిన చోటల్లా పారాణి ఎరుపు తేలుతుంది. దాని మీద నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపవుతుంది. సైన్స్ టీచరును కూడా పిలవండి, ఆమ్లం, క్షారం పాఠం అక్కడే అయిపోతుంది. సున్నం మాత్రం టీచరే కలపాలి, కళ్ళలో పడితే ప్రమాదం.

ఆరో తరగతికి వచ్చేసరికి 'నాకు బొమ్మలు రావు సార్' అంటున్నారు. అంతకుముందు బాగానే వేసేవాళ్ళు.

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, ఎక్కువమంది పిల్లలు బొమ్మలకు దూరమయ్యేదీ ఇక్కడే. పదకొండు, పన్నెండేళ్ళకు కన్ను ఎదుగుతుంది, చెయ్యి వెనకబడుతుంది. తను వేసిన చెయ్యి చెయ్యిలా లేదని పిల్లలకే తెలిసిపోతుంది. అప్పుడు 'బాగుందమ్మా, బాగుంది' అంటే నమ్మరు, నమ్మకూడదు కూడా. వాళ్ళకు కావాల్సింది పొగడ్త కాదు, ఉపాయం.

మొదటి ఉపాయం: ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి, కాగితం వైపు అస్సలు చూడకుండా, చేతి అంచు వెంట కంటిని చీమ నడిచినంత నెమ్మదిగా నడిపిస్తూ గీయాలి. కన్ను ఎక్కడుంటే పెన్సిల్ అక్కడ. ఎడమచేతి వాటం వాళ్ళు కుడిచెయ్యి పెట్టుకుంటారు. వచ్చేవి వింత బొమ్మలు, వేళ్ళు ఎక్కడో మొలుస్తాయి, క్లాసంతా నవ్వులు. క్లాస్ ఫస్టుదీ అలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ సిగ్గుండదు. కానీ దగ్గరగా చూడండి: వేలి కణుపు దగ్గర మడతలు మొదటిసారి నిజం మడతల్లా ఉంటాయి.

రెండోది: కుర్చీని బల్ల మీదికెక్కించి, కుర్చీని కాక దాని కాళ్ళ మధ్యా అడ్డకర్రల మధ్యా ఉన్న ఖాళీలను వేయమనండి. ఖాళీకి పేరు లేదు, అందుకే దానికి కంఠతా వచ్చిన బొమ్మ కూడా లేదు. చూసి వేయక తప్పదు. ఖాళీలన్నీ అయ్యాక కుర్చీ దానంతటదే నిలబడుతుంది.

మూడోది పర్‌స్పెక్టివ్, అంటే దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నగా కనిపించే తీరు. బోర్డు మీద రైలుపట్టాలు గీసి చెప్పకండి. బడి వరండా చివర నిలబెట్టి, ఒక కన్ను మూసి, చాచిన చేతిలో స్కేలు పట్టుకుని మొదటి స్తంభం ఎంతుందో, చివరి స్తంభం ఎంతుందో కొలవమనండి. అంకెలు చూసి వాళ్ళే నోరు తెరుస్తారు. గీతలన్నీ ఒకే చుక్క వైపు పోతున్నాయన్నది ఆ తర్వాత చెప్పాల్సిన మాట.

ఒకడు మాత్రం అందరికంటే బాగా వేస్తాడు. వాడికేం చెప్పాలి?

వాడితో బడి చార్టులన్నీ వేయించడం మానండి, ముందు. గణతంత్ర దినోత్సవం, సైన్స్ ఫెయిర్, వీడ్కోలు సభ, అన్నిటికీ వాడే. బొమ్మలు పెరగవు, బోర్డర్లు మాత్రం బాగా వస్తాయి. వాడికి మంచి కాగితం, ఖాళీ సమయం, చూడటానికి అసలు చిత్రాలు కావాలి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావును గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపింది డ్రాయింగ్ మాస్టారు కాదు, అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. 1925లో 27 ఏళ్ళకే రామారావు పోయారు. ఆయన చిత్రాలు రాజమండ్రి గ్యాలరీలో ఉన్నాయి. గోదావరి జిల్లాల బళ్ళు పిల్లల్ని ఎక్కించుకుని వెళ్ళగలిగిన దూరమే.

డిజైన్ అంటే కంప్యూటర్ మీద చేసేదా? బొమ్మలకూ దానికీ తేడా ఏంటి?

కంప్యూటర్ అక్కర్లేదు. బొమ్మ వేసేవాళ్ళు తమకు తోచింది వేయొచ్చు. డిజైన్ ఇంకొకరి అవసరం దగ్గర మొదలవుతుంది, వాళ్ళకు పనికొచ్చిందా లేదా అన్నదే పరీక్ష.

ఎనిమిదో తరగతికి ఇలాంటి పని ఇవ్వండి: మధ్యాహ్న భోజనం అయ్యాక ప్లేట్లు కడిగే చోట తోపులాట. రెండు రోజులు పిల్లలు ఊరికే నిలబడి ఎవరు ఎటు నుంచి వస్తున్నారో గీసుకుంటారు. ఒకటో తరగతి పిల్లలను, వంట చేసే అక్కలను అడుగుతారు. తలా మూడు ఆలోచనలు గీస్తారు, మొదటిది ఎప్పుడూ అందరిదీ ఒకేలా ఉంటుంది కాబట్టి మూడు తప్పనిసరి. అట్టముక్కలతో నమూనా చేస్తారు, నేల మీద సుద్దతో బాణాలు గీసి ఒకరోజు నడిపి చూస్తారు. కుదరకపోతే మారుస్తారు. తోపులాట తగ్గితే వాళ్ళకు ఇంకే మార్కులూ అక్కర్లేదు.

ముగ్గు మన ఇంటి డిజైన్ పాఠం. ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క పెట్టి అదే గడిమీద ఎన్ని రకాలు వస్తాయో చూడమనండి. సమరూపత, పునరావృత్తం అన్న పెద్దమాటలు తర్వాత చెప్పుకోవచ్చు. అక్కడి నుంచి గ్రాఫ్ పేపర్ మీద పోచంపల్లి నమూనాలకు వెళ్ళడం సులువు. నూలుకు రంగు అద్దకముందే ఎక్కడ ముడి కట్టాలో నేతగాళ్ళు లెక్క వేసుకుంటారని చెబితే లెక్కల టీచరు కూడా వచ్చి కూర్చుంటారు.

పోస్టర్ల మీద తెలుగు అక్షరాల సంగతి ఎవరూ నేర్పరు. ఇంగ్లీషు అక్షరాలకు చెప్పినట్టు పైనొక గీత, కిందొక గీత కొట్టిస్తారు. పిల్లలు 'స్వచ్ఛ పాఠశాల' అని రాసేసరికి కింద ఛ వత్తు పక్క వరుస నెత్తిన ఎక్కుతుంది. తెలుగుకు మూడు పట్టీలు గీయించండి: పైన గుడికీ ఏత్వానికీ, మధ్యలో అక్షరానికి, కింద వత్తుకు. ఐస్‌క్రీం పుల్లను ఏటవాలుగా కోసి ఇంకులో ముంచి రాయిస్తే లావు, సన్నం గీతలు వాటంతటవే వస్తాయి.

చేర్యాల, కలంకారీ లాంటివి బళ్ళో నేర్పొచ్చా?

నేర్పొచ్చు, కానీ దింపించడం కాదు. చేర్యాల పటం ఎర్రటి నేల మీద వరుసగా గడులు గీసి కథ చెప్పే పద్ధతి. నకాశీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి పట్టించి దాన్ని వేసేవాళ్ళు. పటం విప్పుతూ కులపురాణాలు చెప్పేవాళ్ళు దాన్ని ఊరూరా తిప్పేవాళ్ళు. బళ్ళో తీసుకోవాల్సింది ఆ గడుల పద్ధతి. పిల్లలు తమ వీధి కథను ఎనిమిది గడుల్లో వేసి, చుట్టచుట్టి, విప్పుతూ చెప్పాలి. ఆ ముఖాలను అచ్చుగుద్దినట్టు వేయడం నకాశీల జీవితకాలపు పని, మనకెందుకు?

మీకు దగ్గర్లో ఉన్నదాన్నే పట్టుకోండి. తెల్ల పొణికి కర్రతో కొండపల్లి, అంకుడు కర్ర మీద లక్కతో ఏటికొప్పాక, కలంతో శ్రీకాళహస్తి, అచ్చులతో పెడన, తోలుబొమ్మలతో నిమ్మలకుంట. కళాకారుణ్ణి బడికి పిలిస్తే రానూపోనూ చార్జీలతో పాటు ఆ రోజు కూలి కూడా ఇవ్వండి. శాలువా కప్పి పంపేయడం మర్యాద కాదు.

తొమ్మిది, పది తరగతుల్లో టైమే ఉండదు. ఏం చేయగలం?

తక్కువ అడగండి. రోజుకో చిన్న స్కెచ్, అరచేయంత కాగితం, పది నిమిషాలు. చెప్పులు, ప్రెషర్ కుక్కర్, నిద్రపోతున్న తాతయ్య. 2బి, 4బి పెన్సిళ్ళతో వెలుగునీడలు ఇక్కడ మొదలుపెట్టొచ్చు. ఇష్టమున్నవాళ్ళు ప్రభుత్వ పరీక్షల విభాగం జరిపే డ్రాయింగ్ లోయర్ గ్రేడ్, ఆ తర్వాత హయ్యర్ గ్రేడ్ రాయొచ్చు. రేపు డ్రాయింగ్ టీచరు కావాలనుకునేవాళ్ళకు ఇవి, వేసవిలో జరిగే 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ మొదటి మెట్లు. ఆ సిలబస్‌ను మాత్రం బడి మొత్తానికీ రుద్దకండి.

ఇంటర్ తర్వాత దారులున్నాయా? 'బొమ్మలు అన్నం పెడతాయా' అంటున్నారు ఇంట్లో.

ఉన్నాయి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది, ప్రవేశ పరీక్ష ఎఫ్‌ఏడీఈఈ. ఆంధ్ర యూనివర్సిటీలో, కడపలోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో కూడా కోర్సులున్నాయి. డిజైన్ వైపైతే ఆంధ్రప్రదేశ్ ఎన్‌ఐడీకి (జాతీయ డిజైన్ సంస్థ) డాట్ అనే ప్రవేశ పరీక్ష, ఐఐటీ హైదరాబాద్ డిజైన్ కోర్సుకు యూసీడ్ పరీక్ష, హైదరాబాద్ నిఫ్ట్‌కు (జాతీయ ఫ్యాషన్ సంస్థ) దాని పరీక్ష. యూసీడ్‌ను ఏ గ్రూపువాళ్ళైనా రాయొచ్చు. బీఆర్క్‌కు (ఆర్కిటెక్చర్ డిగ్రీ) మాత్రం ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. కాబట్టి గ్రూపు ఎంచుకోకముందే, పదో తరగతిలోనే ఈ మాట చెప్పాలి.

ఈ పరీక్షలు అందంగా షేడింగ్ చేయడాన్ని తక్కువ, చూసే తీరునూ ఆలోచననూ ఎక్కువ పరీక్షిస్తాయి. పైన చెప్పిన కుర్చీ ఖాళీలు, ప్లేట్ల తోపులాట అక్కడ పనికొస్తాయి.

మార్కులు ఎలా వేయాలి?

బొమ్మ అందానికి వేయకండి. ప్రతి పిల్లకూ పాత క్యాలెండర్ అట్టతో ఒక ఫోల్డర్ చేయించి, అన్నీ తేదీలతో అందులో పెట్టించండి. జూన్ బొమ్మ, డిసెంబరు బొమ్మ పక్కపక్కన పెట్టి చూడండి: చూసి వేశారా, ఒకటికి రెండు రకాలు ప్రయత్నించారా, తమ పని గురించి రెండు మాటలు చెప్పగలిగారా. తల్లిదండ్రుల సమావేశంలో కూడా ఈ ఫోల్డరే చూపించండి.

పోటీలకు పంపాలా?

అక్కడికక్కడ విషయం చెప్పి వేయించే పోటీలైతే పంపండి. ఇంటి నుంచి వేసుకురమ్మనే పోటీల్లో బహుమతి మీ పిల్లలకొస్తుందో, పక్కింటి అమ్మానాన్నలకొస్తుందో చెప్పలేం. విషయం 'నీటిని కాపాడండి' అయితే కుళాయి కింద భూగోళం వేయకూడదని ముందే షరతు పెట్టండి.

ఫోన్లో ఏఐతో బొమ్మ చేసి తెస్తున్నారు. ఎలా ఆపాలి?

ఇంటిపనిగా పూర్తి బొమ్మ అడగడం ఆపండి, సమస్య చాలావరకు పోతుంది. బొమ్మ తరగతిలోనే వేయాలి, దానికి ముందు వేసుకున్న మూడు చిత్తు స్కెచ్‌లు కూడా ఇవ్వాలి. ఫోటో చూసి వేయాలంటే అది వాళ్ళు తీసిన ఫోటో కావాలి.

ఒక పిల్లాడు ఆకులకు గోధుమరంగు వేస్తున్నాడు. ఎగతాళికా?

ముందు కళ్ళ సంగతి చూడండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలియకపోవడం పుట్టుకతో వస్తుంది, మగపిల్లల్లోనే ఎక్కువ. క్లాసులో అందరి ముందు అడగకుండా, ఇంట్లోవాళ్ళకు చెప్పి కంటి డాక్టరుకు చూపించమనండి. క్రేయాన్ల మీద రంగు పేర్లు రాసిస్తే వాడి ఇబ్బంది చాలావరకు తీరుతుంది. వెలుగునీడల పనిలో వాడు మిగతావాళ్ళకు ఏమాత్రం తీసిపోడు.

మా బళ్ళో డ్రాయింగ్ మాస్టారే లేరు. నాకు గీత కూడా తిన్నగా రాదు. నేనెలా చెప్పను?

మీకు గీయడం రాకపోవడం ఒకందుకు మంచిదే, బోర్డు మీద వేసి దింపించే ప్రమాదం తప్పింది. వేపచెట్టు, ఆకు రంగు, చేతి అంచు, కుర్చీ ఖాళీలు, ఈ నాలుగు పాఠాలకూ టీచరు గీయాల్సింది ఏమీ లేదు. ఈ సోమవారం వేపచెట్టుతో మొదలుపెట్టండి. వానొస్తే కుర్చీ.